ఆదివారం ఎత్తిన బరకం

మొన్న శనివారం సాయంత్రం మా ఇంట్లో పనిచేసే అమ్మాయి గిన్నెలు బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ "రేపు ఆదివారం. నేను రానక్కా" అంది. ఒంట్లో బాగాలేదనో, పిల్లాడికి జ్వరమనో, ఊరెళ్ళాలనో ఏ వంకా చెప్పలేదు. ఆదివారం, రాను. అంతే. రేపు చుట్టాలొస్తున్నారు, ఒక్కపూట వచ్చి వెళ్ళమని అడగబోయి ఆగిపోయాను. ఆ మాట, అదే గొంతుతో, చిన్నప్పుడు వందసార్లు విన్నాను. మా నాయనమ్మ అలాగే అనేది. ఆ రాత్రి మంచమ్మీద పడుకున్నానే గానీ కుదురు లేదు. అటు దొర్లి ఇటు దొర్లి చివరికి లేచి కూర్చున్నాను.

మాది పర్చూరు వెళ్ళే దారిలో నల్లరేగడి నేల. మిరప, పత్తి, అక్కడక్కడా పొగాకు. ఊరు ఒకవైపు, ఊరికి పడమట మా పల్లె. పల్లె చివర మా గుడి. మేము చర్చిని గుడి అనే అనేవాళ్ళం. గంట కొనే స్తోమత లేక, గుడి ముందు రైలు పట్టా ముక్క ఒకటి వేలాడదీసి దాన్నే సుత్తితో కొట్టేవారు. ఆ మోత పొలాల్లో చాలా దూరం వినిపించేది.

ఆదివారం ఎవరూ పనిచేయకూడదన్నది మా నాయనమ్మ శాసనం. వినడానికి ఎంత హాయిగా ఉందో! ఆ విశ్రాంతి కోసం శనివారం మేం పడే పాట్లు మాత్రం ఇన్నీ అన్నీ కావు. మధ్యాహ్నం నుంచీ ఇంట్లో ఎవరికీ ఊపిరాడేది కాదు. తొట్టి నిండాలి, బిందెలు నిండాలి, పుల్లలు కొట్టి పేర్చాలి, ఇల్లు అలకాలి, అల్లం వెల్లుల్లి నూరి గిన్నెలో పెట్టాలి. నా తలలో పేలు చూడటం కూడా శనివారం చీకటి పడేలోపే అయిపోవాలి. ఆదివారం సూది ముట్టకూడదు, కత్తిపీట ముట్టకూడదు, చీపురు మూల దాటి రాకూడదు. "ముక్కు చీదుకోవచ్చా నాయనమ్మా?" అని అడిగితే నా నెత్తిన ఒక మొట్టికాయ పడేది. ఆ మొట్టికాయ పని కింద లెక్కకు రాదు కాబోలు.

ఒక్క మాంసం దగ్గర మాత్రం శాసనం సడలేది. గుడికి వెళ్ళే ముందే కుంపటి మీద కూర ఉడుకుతుండేది. ధనియాల పొడి వాసన సందంతా కమ్ముకునేది.

"పని చెయ్యగూడదంటావు, మరి ఇదేంటి?" అంటే నాయనమ్మ మూకుడు మూత సర్దుతూ, "ఇది పని కాదే, పండగ. పో, రిబ్బన్లు కట్టుకో" అనేది.

గుడిలో ఆరాధన మూడు గంటలు. ఈతచాప గీరుకుని మోకాళ్ళ మీద గళ్ళు పడేవి. పాటలు, ప్రార్థన, సాక్ష్యాలు, మళ్ళీ పాటలు, అప్పుడు వాక్యం. మా పాస్టరు అయ్యగారు చాలా మంచివారు గానీ "చివరిగా ఒక్క మాట" అన్నాక అరగంట చెప్పేవారు. నాకు కాళ్ళు ఒకచోట నిలిచేవి కావు. చాప పుల్లలు పీకేదాన్ని, ముందు కూర్చున్న పిల్ల జడ రిబ్బను విప్పేదాన్ని, ప్రార్థనలో కళ్ళు తెరిచి ఇంకెవరు తెరిచారో చూసేదాన్ని. ఒకసారి ఆ జడ పిల్ల నా మీద చాడీ చెప్పింది, కళ్ళు తెరిచానని. "నువ్వు మూసుకుంటే నీకెట్టా తెలిసిందే?" అని నాయనమ్మ దాన్నే తిట్టింది. ఇంటికొచ్చాక నన్ను వేరేగా తిట్టింది.

మా ఆదివారాలు అలా సాగిపోవడానికి ఒక కారణం ఉందని నాకు తర్వాత అర్థమైంది. అప్పటిదాకా మాకు సొంత పంట లేదు. అమ్మా నాన్నా, పల్లెలో అందరూ కూలికే వెళ్ళేవాళ్ళు. ఎండేది ఊరివాళ్ళ కాయ, తడిసేదీ ఊరివాళ్ళ కాయే. నాకు పదకొండేళ్ళు వచ్చిన ఏడాది నాన్న ఊళ్ళో ఆసామి దగ్గర రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాడు. మా ఇంట్లో మొదటి పంట. నాన్న నడక కూడా మారిపోయింది. రోజూ మొక్కల మధ్య తిరిగొచ్చి, అన్నం తింటూ కూడా ఆకుముడత గురించే మాట్లాడేవాడు.

కాయ కోతకొచ్చింది. పల్లెకి కూతవేటు దూరంలో, రోడ్డు పక్కన కల్లం చేసి కాయ ఆరబోశారు. ఆ ఎరుపు చూస్తే కళ్ళు చెదిరేవి. ఘాటుకి దారిన పోయే వాళ్ళందరూ తుమ్ముకుంటూ పోయేవాళ్ళు. రోజూ పొద్దుగూకే వేళ కాయను కుప్పగా నెట్టి, మంచు తగలకుండా బరకాలు, అంటే పెద్ద పెద్ద టార్పాలిన్లు, కప్పి అంచుల మీద రాళ్ళు పెట్టాలి. తెల్లారాక ఎండ ముదరకముందే బరకం ఎత్తి మళ్ళీ ఆరబోయాలి. రోజూ చెయ్యాల్సిందే. అక్కడే వచ్చింది తంటా.

"శనివారం కప్పిన బరకం సోమవారం పొద్దున్నే తీసేది" అంది నాయనమ్మ.

నాన్న అన్నం కలుపుతున్నవాడు చెయ్యి ఆపేశాడు. "అమ్మా, కాయలో ఇంకా తడి ఉంది. పగలంతా ఎండలో బరకం కింద పడుంటే లోపల ఆవిరి పట్టుద్ది. కాయ తెల్లబడి తాలయిపోద్ది. తాలు కాయ ఎవడు కొంటాడు?"

"ఆదివారం మన చెయ్యి పని మీద పడేది లేదు."

"బరకం తీస్తే ఎంతసేపు? అదేం పని?"

"పని కాకపోతే నీకెందుకంత ఆత్రం?"

నాన్న మళ్ళీ అన్నం కలపడం మొదలుపెట్టాడు. ఆయన గుడి సంఘంలో పెద్ద కూడా. వాళ్ళమ్మ మాట కాదని గుడి మానేసి కల్లానికి పోతే పల్లెంతా చెప్పుకుంటారు. రెండు ఆదివారాలు అలాగే గడిచాయి. రెండు సోమవారాలూ అమ్మ కుప్ప అడుగున చెయ్యి పెట్టి, తెల్లబడి మెత్తబడ్డ కాయలు దోసిళ్ళతో తీసి పక్కన పోసింది.  నాన్న ఒక తాలు కాయను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ చూపు చూడలేక నాకు ఏడుపొచ్చింది.

మూడో ఆదివారం ఎండ పొద్దున్నే పేలింది. గుడిలో రేకుల కింద ఉడికిపోతున్నాం. మగవాళ్ళ వైపు నాన్న కూర్చుని ఉన్నాడు గానీ ఒక చోట కుదురుగా లేడు. మోకాలు ఆడిస్తున్నాడు, కిటికీలోంచి ఎండకేసి చూస్తున్నాడు, పాటలో చరణం తప్పుతున్నాడు. నాకు వాక్యం ఒక్క ముక్క చెవికెక్కలేదు. బరకం కింద కాయ ఉడుకుతున్నట్టే ఉంది. అయ్యగారు "చివరిగా ఒక్క మాట" అనగానే నాయనమ్మకు చిటికెన వేలు చూపించి బయటపడ్డాను.

పరిగెత్తాను. ఒక్క బరకం ఎత్తేసి, వాక్యం అయ్యేలోపు వెనక్కి వచ్చి కూర్చోవచ్చు అనుకున్నాను. కల్లానికి వెళ్ళి రాళ్ళు తన్నేసి బరకం అంచు పట్టి లాగితే లోపల్నుంచి వేడి, పులిసిన వాసన, ఘాటు ఒక్కసారి మొహాన కొట్టాయి. పదిసార్లు తుమ్మాను. కాళ్ళతో కుప్పను అటూ ఇటూ నెట్టుకుంటూ కాయ పరిచాను. ఒకటి అయ్యాక ఇంకోటి వదల్లేకపోయాను. తెలియక కన్ను నులుముకున్నాను, ఇక చూడండి నా బాధ. ఒక కన్ను మూసుకుని, తెల్లగౌను నిండా ఎర్రదుమ్ముతో, ఏడుస్తూనే కాయ పరిచాను. అయినా నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. నాన్న కాయను నేను బతికించాను.

అంతలో రోడ్డు మీద మోటారుసైకిల్ ఆగింది. మాకు పొలం కౌలుకిచ్చిన ఆసామి. కాలు నేల మీద పెట్టి కల్లంకేసి వింతగా చూశాడు.

"ఏమే పిల్లా, ఒక్కదానివే ఉన్నావేం?"

"అందరూ గుడిలో ఉన్నారండి."

"మరి మీ నాయనమ్మ ఆదివారం పుల్ల ముట్టనివ్వదుగా? బరకం ఎవరు తియ్యమన్నారు?"

నేనే తీశానంటే ఈయన వెళ్ళి నాయనమ్మకు చెబుతాడు, నా వీపు విమానం మోత మోగిపోతుంది. పెద్దవాళ్ళు చెప్పారంటే ఇంక అడగడు. ఆ క్షణంలో నా బుర్రకు తట్టింది అదే.

"మా నాన్న తియ్యమన్నాడండి."

ఆయన నవ్వాడు. "అట్టాగా! మీ కాయకైతే ఆదివారం లేదు, మా కాయకే ఉందన్నమాట. మంచిదేలే" అని బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. ఆ మాటలో ఏముందో నాకు అర్థం కాలేదు. తిట్టలేదు కదా అని ఊరుకున్నాను.

నా గౌను చూశాక ఇంట్లో దాచడానికి ఏమీ మిగల్లేదు. బరకం నేనే తీశానని ఒప్పుకున్నాను. ఆసామి వచ్చాడనీ, నేను ఆయనతో అన్న మాటా మాత్రం మింగేశాను. నాన్న కల్లంకేసి వెళ్ళి వచ్చాడు. కాయ బాగా ఆరుతోందని ఆయన మొహమే చెప్పింది గానీ నోటితో అనలేదు. నాయనమ్మ కొడుతుందని ఒళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. కొట్టలేదు. గుమ్మం దగ్గర కూర్చోబెట్టుకుని నా కన్ను చల్లనీళ్ళతో కడుగుతూ చెప్పింది.

"మా అమ్మకి ఆదివారం లేదే. తెల్లారకముందే పాలేరు వచ్చి సందు మొదట్లో నిలబడి కేకేసేవాడు. పురిటి మంచంలో ఉన్నా లేచి పోవాల్సిందే. నేను నీ అంత ఉన్నప్పుడు మనోళ్ళందరూ దేవుణ్ణి నమ్ముకున్నారు. పెద్దోళ్ళు పోయి, ఆదివారం రాం బాబూ అని చెప్పారు. ఊళ్ళోవాళ్ళు నమ్మలా. ఆ వారం గుడి బయటే నిలబడి కేకలేశారు. లోపల మనోళ్ళు పాట ఆపలా. భయానికి గొంతులు వణుకుతున్నా ఆపలా. అది ఆగితే లేచి పోవాలిగా. ఎండ నెత్తికొచ్చేదాకా పాడతానే ఉన్నారు. అట్టా వచ్చింది మనకీ రోజు."

"మరి కాయ పాడైపోతే?"

"పాడైతే పాడయిద్ది. ఈ రోజు పాడైతే మళ్ళీ వచ్చుద్దా?" అంది.

నాకు సగం అర్థమైంది. మిగతా సగం మరుసటి ఆదివారం అర్థమైంది.

ఆ ఆదివారం ఇంకా మొదటి గంట కూడా కొట్టలేదు. పల్లెలోకి ట్రాక్టరు వచ్చి గుడి ముందు ఆగింది. ఆసామి మేస్త్రి దిగి, కోతకు ఇరవై మంది ఆడవాళ్ళు కావాలని అరిచాడు. రేవులో స్నానం చేసి వచ్చి తల దువ్వుకుంటున్న వాళ్ళూ, చీరలు కట్టుకుంటున్న వాళ్ళూ ఎక్కడివాళ్ళక్కడ బయటికి వచ్చారు. నాయనమ్మ ఇస్త్రీ చీరలో, పాటల పుస్తకం చేత్తో పట్టుకునే ఎదురెళ్ళింది.

"ఇయ్యాళ ఆదివారం. రాం."

"ఆ మాట ఇంకెక్కడుంది పెద్దమ్మా?" అన్నాడు మేస్త్రి. "పోయిన ఆదివారం మీ కల్లంలో పని జరిగిందిగా. ఆసామి కళ్ళారా చూశాడు."

"పసిది. తెలియక ముట్టుకుంది."

"తెలియకేం కాదు. మా నాన్న తియ్యమన్నాడని ఆ పిల్లే చెప్పిందంట. మీ కాయకి లేని ఆదివారం మాకెందుకంటన్నాడు ఆసామి. రాకపోతే రేపట్నుంచి అద్దంకి వైపు కూలోళ్ళని దింపుతాడు. కౌలుకి చేసుకునేవాళ్ళు కూడా కొంచెం ఆలోచించుకోండి."

పల్లె పల్లెంతా నాన్న వైపు తిరిగింది. నాన్న నా వైపు చూశాడు.  చెప్పెయ్యాలనుకుంటూనే అమ్మ కొంగు వెనక్కి జరిగాను. నాన్న ఒక్క క్షణం అలాగే చూసి తల దించుకున్నాడు.

"ఆ. నేనే తియ్యమన్నా" అన్నాడు.

 అమ్మ ఇంట్లోకి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పటికి గుడికి కట్టుకున్న నీలం చీర మీదే నాన్న పాత చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది. మిరపకోతకు వెళ్ళే వేషం అది.

"అత్తా, మనింటి నుంచే వచ్చింది ఇది. నేను పోకపోతే పల్లె మొత్తం మీద పడతాడు" అని ట్రాక్టరు ఎక్కింది. ఆమె వెనక ఒకరొకరుగా తొమ్మిది మంది ఎక్కారు. మేస్త్రి ఇంకా పదిమంది కోసం హారన్ కొట్టించాడు. నాయనమ్మ అక్కణ్ణుంచి కదల్లేదు. కొంతసేపటికి ట్రాక్టరు ఉన్నవాళ్ళతోనే వెళ్ళిపోయింది.

ఆ రోజు ఆరాధనలో, రాని వాళ్ళ గొంతులన్నీ తానే పాడాలన్నట్టు నాయనమ్మ పాడింది. చివరికి గొంతు బొంగురుపోయింది. నేను చాప పుల్ల ఒక్కటి కూడా పీకలేదు. కుదురుగా కూర్చున్నానని ఎవరైనా మెచ్చుకుని ఉంటే అక్కడే చచ్చిపోయేదాన్ని. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ముక్కలు కంచం అంచుకు నెట్టాను. ఇంక ఉండబట్టలేక, "నాన్న చెప్పలేదు నాయనమ్మా. నేనే అబద్ధం చెప్పాను" అన్నాను.

"తెలుసు. మీ నాన్నకి అబద్ధమాడటం ఏనాడూ చేతకాలా. పొద్దున కూడా కాలా" అంది. నాన్న కంచంలోంచి తలెత్తలేదు. నాయనమ్మ ఆయన కంచంలో ఇంకో రెండు ముక్కలు వేసింది.

తర్వాత లేచి అయ్యగారింటికి బయల్దేరింది. నేనూ వెనకే వెళ్ళాను.

"పొద్దుగూకే వేళకి మళ్ళీ గంట కొట్టించండి అయ్యగారూ."

"ఆరాధన అయిపోయిందిగా అమ్మా?"

"వాళ్ళకి కాలేదుగా?"

అయ్యగారు లోపలికి వెళ్ళి సుత్తి తెచ్చి ఆమె చేతికే ఇచ్చారు.

ట్రాక్టరు వస్తున్న చప్పుడు వినిపించగానే నాయనమ్మ రైలు పట్టా మీద కొట్టడం మొదలుపెట్టింది. దిగినవాళ్ళు ఇళ్ళకు పోకుండా, పాత చొక్కాలతో, జుట్టు నిండా దుమ్ముతో అలాగే గుడిలోకి వచ్చారు. పొద్దున వచ్చినవాళ్ళూ మళ్ళీ వచ్చారు. వాళ్ళ బట్టల ఘాటుకు గుడి గుడంతా తుమ్ములే. ప్రార్థన చేస్తూ అయ్యగారు కూడా తుమ్మారు, పిల్లలు నవ్వారు, ఎవరూ గదమాయించలేదు. నాయనమ్మ నా చేతిలో కొబ్బరినూనె గిన్నె పెట్టింది. పగలంతా కాయ తుంచిన చేతులు అవి, మండిపోతుంటాయి. పదిమంది చేతులకూ వరసగా నూనె రాశాను. ఒక్కరు కూడా నన్ను ఏమీ అనలేదు. ఒక పిన్ని అయితే "చల్లగా ఉందమ్మా" అంది. ఆ మాటకు నేను పడ్డ సిగ్గు ఏ మొట్టికాయకూ పడలేదు.

అమ్మ చివర కూర్చుంది. ఆమె అరచెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని రాస్తుండగానే తల గోడకు వాలిపోయింది. నోరు కాస్త తెరుచుకుని గాఢంగా నిద్రపోయింది. అయ్యగారు వాక్యం మధ్యలో ఆగి అటు చూశారు. పక్కనున్నామె అమ్మ భుజం తట్టబోయింది.

"లేపబాక" అంది నాయనమ్మ. "దాని ఆదివారం ఇప్పుడే మొదలైంది."

అయ్యగారు పుస్తకం మూసి, ఆ రోజు దీవెన మాటలు గుసగుసగా చెప్పారు.

ఆ తర్వాత ఆ ట్రాక్టరు ప్రతి ఆదివారం వచ్చింది. ఎక్కేవాళ్ళు ఒక వారం తగ్గేవాళ్ళు, ఒక వారం పెరిగేవాళ్ళు గానీ, పల్లె మొత్తం కలిసి "రాం" అనే రోజు మళ్ళీ రాలేదు. నాయనమ్మ మాత్రం బతికున్నన్నాళ్ళూ ఆదివారం బరకం ముట్టనివ్వలేదు. నాన్న రెండేళ్ళు చేసి కౌలు మానుకున్నాడు. ఇప్పుడు మా గుడికి నిజం గంట ఉంది. ఆదివారం రెండు ఆరాధనలు జరుగుతాయి. సాయంత్రంది ఎందుకు మొదలైందని అడిగితే, పనులకు వెళ్ళేవాళ్ళ సౌకర్యం కోసమని కొత్త అయ్యగారు చెబుతారు. నేను ఊరెళ్ళినప్పుడల్లా దానికే వెళతాను. పొద్దుటి ఆరాధనకు వెళ్ళడానికి నాకు ఇప్పటికీ ముఖం చెల్లదు.